షష్టిపూర్తి పెళ్లిలాంటి రికార్డు

అందరికీ నమస్కారం.

మొదట ఒక మాట తేల్చుకుందాం. ఈ హాల్లో సినిమా సౌండ్ పని చేసేవాళ్లు చాలామందే కనిపిస్తున్నారు. మన పరిభాషలో రీ-రికార్డింగ్ అంటే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. "రీ-రికార్డింగ్ అయిపోయిందా, మిక్సింగ్ ఎప్పుడు" అని అడుగుతాం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రీ-రికార్డింగ్ గురించి కాదు. కుర్రతనంలో తాము చేసిన పాటల్నే ఒక జపాన్ రాకబిల్లీ బృందం అరవై దాటాక మళ్లీ స్టూడియోకి వెళ్లి మొదటి నుంచి వాయించి పాడటం గురించి. రాకబిల్లీ అంటే 1950లలో అమెరికాలో కంట్రీ పాటకి నల్లవాళ్ల బ్లూస్ ఊపు కలిసి పుట్టిన తొలినాళ్ల రాక్ అండ్ రోల్. జపాన్‌లో దీన్ని 'సెల్ఫ్ కవర్' అంటారు. రెండూ ఇంగ్లీషు మాటలే అయినా, ఆ రెంటినీ జతచేసి ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చుకున్నది జపాన్ వాళ్లే.

నేను ఉద్యోగం మీద నాలుగేళ్లు టోక్యోలో ఉన్నాను. వెళ్లిన కొత్తలో ఒక ఆదివారం హరాజుకు స్టేషన్‌లో దిగి యోయోగి పార్కు వైపు నడుస్తుంటే, గేటు ముందు సిమెంటు నేల మీద కొందరు గుండ్రంగా నిలబడి డ్యాన్సు చేస్తున్నారు. ఒంటి మీద నల్ల తోలు జాకెట్లు. జుట్టుకి బాగా క్రీము పట్టించి ముందుకి పొంగేలా దువ్వారు. మధ్యలో ఒక స్పీకరు. కుర్రాళ్లేమో అనుకుని దగ్గరికి వెళ్లాను. చాలామందికి యాభై దాటినట్టే ఉంది.

నా కళ్లు వాళ్ల బూట్ల మీద ఆగిపోయాయి. ఒకాయన బూటు ముందు భాగమంతా టేపు చుట్టి ఉంది. ఒక చుట్టు రెండు చుట్లు కాదు, పొర మీద పొర, వేలెడు మందం. ఈ డ్యాన్సులో బూటు ముక్కు నేలకి ఆనించి మడమ తిప్పుతారు, మోకాళ్ల మీదికి జారి లేస్తారు. సిమెంటు మీద అలా చేస్తే తోలు ఎన్నాళ్లని ఆగుతుంది? అరిగినచోట టేపు వేస్తారు, ఆ టేపు అరిగితే దాని మీద ఇంకోటి. దగ్గరగా చూస్తే కింది పొరల అంచులు చెట్టు మానులో వలయాల్లా కనిపించాయి. ఒక్కో పొర వెనక ఎన్ని ఆదివారాలు ఉన్నాయో అనుకున్నాను. ఇవాళ్టి నా ప్రసంగం నిజానికి ఆ బూటు దగ్గరే మొదలైంది.

వాళ్లు ఆడుతున్న ఆ నేలకి ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం అక్కడ వాషింగ్టన్ హైట్స్ అని తన కుటుంబాలకి ఒక కాలనీ కట్టుకుంది. టోక్యో నడిబొడ్డున పచ్చిక, తెల్ల ఇళ్లు, లోపల అంతా అమెరికా. 1964 ఒలింపిక్స్ కోసం ఆ స్థలం తిరిగి జపాన్ చేతికి వచ్చింది, క్రీడాకారుల గ్రామం అయింది. 1967లో పార్కుగా తెరిచారు. అమెరికా సైనికుల కోసం ఎఫ్.ఇ.ఎన్. అని ఒక రేడియో నడిచేది, దాన్ని జపాన్ పిల్లలూ వినేవాళ్లు. సైనిక శిబిరాల క్లబ్బుల్లో పాడే పని దొరికేది. అక్కడి శ్రోతలు అడిగేది అమెరికా పల్లెల కంట్రీ పాటలు, కౌబాయ్‌ల వెస్టర్న్ పాటలు. అలా జపాన్ కుర్రాళ్లు గిటారు పట్టి, ఆ పాటలు నేర్చుకుని, కడుపు నింపుకున్నారు. దీన్ని చిన్నచూపు చూడకండి. ఓడిపోయిన దేశంలో, గెలిచినవాడి పాట పాడి బతకడం నేర్చుకున్న తరం అది.

ఆ తరంలోంచే కొసాకా కజుయా అనే గాయకుడు 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాట 'హార్ట్‌బ్రేక్ హోటల్'ని రికార్డు చేశాడు. ఎల్విస్ రికార్డు వచ్చిన ఏడాదే అది. రెండేళ్లకి, 1958 ఫిబ్రవరి 8న, టోక్యో యూరాకుచోలోని నిచిగెకి థియేటర్లో వెస్టర్న్ కార్నివాల్ మొదలైంది. ఆ భవనం సంగతి కూడా చెప్పాలి. యుద్ధం చివర్లో ఆ థియేటర్ మూసేసి, లోపల కాగితంతో బెలూన్ బాంబులు తయారుచేయించారు. ఆ బెలూన్లు పసిఫిక్ మీదుగా గాల్లో అమెరికా వెళ్లడానికి. పద్నాలుగేళ్లు తిరక్కుండా అదే కప్పు కింద అమెరికా పాటలకి అమ్మాయిలు కేకలు పెట్టి, స్టేజీ మీదికి రంగు కాగితం చుట్టలు విసిరి, పాడేవాడి కాళ్లు పట్టుకు లాగారు. వారం రోజుల్లో 45 వేల మంది వచ్చారని లెక్క. మిక్కీ కర్టిస్, హిరావో మసాఆకి, యమాషిటా కెయిజిరో, ఈ ముగ్గురినీ కలిపి 'రాకబిల్లీ ముగ్గురు' అని పిలిచేవాళ్లు. తల్లిదండ్రుల సంఘాలు మండిపడ్డాయి. పిల్లలు వినలేదు.

ఇక్కడ ఒక సంగతి పట్టుకోండి. ఆ రోజు స్టేజీ మీద పాడినవాటిలో ఎక్కువ భాగం అరువు పాటలే. అమెరికా బాణీ, దాని మీద జపాన్ మాటలు. కొన్నిచోట్ల ఇంగ్లీషు అలాగే. అంటే జపాన్ రాకబిల్లీ పుట్టడమే ఇంకొకరి రికార్డుని మళ్లీ పాడటంతో పుట్టింది. అరువు తెచ్చుకోవడం తప్పని నేను అనను. ఆ ఊపు మన సినిమాల్లో క్లబ్ డ్యాన్సు పాటల్లోకీ వచ్చింది, వాటిని మనం ఇష్టపడి విన్నాం. కానీ అరువు సొత్తు ఎప్పుడు సొంతం అవుతుంది? నన్ను కదిపిన ప్రశ్న ఇది.

పద్నాలుగేళ్ల తర్వాత, 1972లో, కెరోల్ అనే నలుగురు కుర్రాళ్లు టీవీలో కనిపించారు. తోలు జాకెట్లు, పైకి దువ్విన జుట్టు. యజావా ఎయికిచి, జానీ ఓకురా తదితరులు. వాళ్లని టీవీలో చూసి, పట్టుకుని, మొదటి రికార్డు చేయించింది ఎవరో తెలుసా? ఆ 'రాకబిల్లీ ముగ్గురి'లో ఒకడైన మిక్కీ కర్టిస్. అరువు పాటలు పాడిన మనిషి, సొంత పాటలు రాసుకున్న కుర్రాళ్లని గుర్తుపట్టాడు. జపాన్ మాటల మధ్య ఇంగ్లీషు ముక్కలు దొర్లించి, జపాన్ మాటల్ని కూడా ఇంగ్లీషులాగా నోట్లో తిప్పి పాడే ఆ పద్ధతి వాళ్లతోనే జనంలోకి వెళ్లింది. మూడేళ్లు కూడా నిలవలేదు. 1975 ఏప్రిల్ 13న హిబియా ఆరుబయలు వేదిక మీద ఆఖరి కచేరీ చేశారు. చివర్లో స్టేజీ అలంకరణకి నిప్పంటుకుంది. ఆ రోజు కాపలాకి నిలబడింది కూల్స్ అనే మోటారుసైకిళ్ల బృందం. వాళ్ల నాయకుడు తాచి హిరోషి, తర్వాత పెద్ద నటుడయ్యాడు. అదే ఏడాది ఆ కూల్సే బ్యాండుగా మారి రికార్డు విడుదల చేశారు. నిన్న గేటు దగ్గర నిలబడినవాళ్లు ఇవాళ మైకు ముందుకి వచ్చారు.

1977 నుంచి హరాజుకులో ఆదివారాలు రోడ్డు మీద బళ్లు ఆపేసి నడిచేవాళ్లకి వదిలేసేవారు. 1998 దాకా అది సాగింది. రోడ్డు మీద టేప్ రికార్డరు పెట్టుకుని కుర్రాళ్లు, అమ్మాయిలు డ్యాన్సు చేసేవాళ్లు. పక్కనే క్రీమ్ సోడా అని యాభైల నాటి ఫ్యాషన్ బట్టల కొట్టు. ఆ కొట్లో పనిచేసే కుర్రాళ్లే బ్లాక్ క్యాట్స్ అని బ్యాండు కట్టి 1981లో రికార్డు చేశారు. అదే సమయంలో అమెరికా నుంచి లండన్ వెళ్లి పేరు తెచ్చుకున్న స్ట్రే క్యాట్స్ అనే రాకబిల్లీ బ్యాండు గాలి ప్రపంచమంతా వీస్తోంది.

ఇప్పుడు ధ్వని దగ్గరికి వస్తాను, ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉంటాను.

అమెరికాలో మెంఫిస్ నగరం, 706 యూనియన్ అవెన్యూ, శామ్ ఫిలిప్స్ గారి స్టూడియో. 1954 జూలైలో ఎల్విస్ పాటల్లో మొదట విడుదలైనది అక్కడ రికార్డయినప్పుడు డ్రమ్మర్ లేడు. ఎల్విస్, గిటారు మీద స్కాటీ మూర్, నిలువెత్తు బాస్ మీద బిల్ బ్లాక్. మరి తాళం ఎక్కణ్ణుంచి వచ్చింది? బాస్ నుంచి. తీగని వేళ్లతో పట్టి లాగి వదిలితే, అది వెళ్లి చెక్కకి 'టక్' మని కొట్టుకుంటుంది. వెంటనే అరచేత్తో తీగల మీద చరిస్తే ఇంకో 'టక్'. స్వరం, తాళం రెండూ ఒకే మనిషి చేతిలో. మృదంగం, తంబురా ఒకడే వాయిస్తున్నట్టు ఊహించుకోండి. దాన్నే స్లాప్ బాస్ అంటారు. రాకబిల్లీకి గుండె అదే.

రెండోది ఆ ప్రతిధ్వని. శామ్ ఫిలిప్స్ గొంతుని ఒక టేపు యంత్రం నుంచి రెండో టేపు యంత్రానికి పంపి, అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి తెచ్చి కలిపేవాడు. రెండో యంత్రంలో టేపు మీద రాసే హెడ్డుకీ, చదివే హెడ్డుకీ మధ్య చిన్న ఎడం ఉంటుంది. ఆ ఎడం రెండు అంగుళాలు అనుకోండి, టేపు సెకనుకి పదిహేను అంగుళాలు పరిగెడుతోంది అనుకోండి. సెకనులో ఏడో వంతుకి కాస్త తక్కువ ఆలస్యం వస్తుంది. ఒక్కసారే తిరిగొచ్చే ప్రతిధ్వని. బావిలో అరిచినట్టు సాగదు, గోడకి బంతి కొట్టినట్టు టప్పున వచ్చేస్తుంది.

1972లో ఒసాకాలో కకెహాషి ఇకుతారో గారు రోలాండ్ కంపెనీ పెట్టారు. 1974లో ఆ కంపెనీ స్పేస్ ఎకో అని ఒక పెట్టె తెచ్చింది. లోపల టేపు చుట్టలు చుట్టలుగా తిరుగుతూ అచ్చం ఆ పనే చేస్తుంది. స్ట్రే క్యాట్స్ గిటారిస్టు బ్రయన్ సెట్జర్ తన గిటారు ధ్వనిని పంపేది ఆ కుటుంబంలోని 301 మోడల్ పెట్టె గుండానే. చూడండి, మెంఫిస్ ధ్వని ఒసాకాలో పెట్టెకెక్కి, న్యూయార్క్ కుర్రాడి కాళ్ల దగ్గరికి చేరి, రికార్డుగా మళ్లీ టోక్యోకి వచ్చింది. ఇంత తిరిగొచ్చినదాన్ని ఇంకా అరువు అంటామా?

సరే, పాత పాటలు మళ్లీ ఎందుకు రికార్డు చేస్తారు? అందరూ మొదట చెప్పే కారణం హక్కులు. పాటకి వేరు, రికార్డుకి వేరు. మాటా, బాణీ రాసినవాళ్ల హక్కు ఒకటి. ఆ రోజు స్టూడియోలో ముద్రపడిన ధ్వని మీద హక్కు ఇంకొకటి, దాన్ని జపాన్‌లో 'గెన్‌బాన్' హక్కు అంటారు, అసలు పళ్లెం అని అర్థం. మామూలుగా అది డబ్బు పెట్టినవాళ్ల దగ్గర ఉంటుంది. 2018 చివర్లో అక్కడి చట్టం ఆ గడువుని యాభై ఏళ్ల నుంచి డెబ్భై ఏళ్లకి పెంచింది. ఇరవై రెండేళ్ల వయసులో సంతకం పెట్టిన కుర్రాడికి తొంభై రెండు వచ్చేదాకా ఆ రికార్డు తన చేతికి రాకపోవచ్చు. కంపెనీ దాన్ని అమ్మడం మానేస్తే దుకాణంలోనూ దొరకదు. కొత్తగా పాడుకుంటే కొత్త గెన్‌బాన్ తమది అవుతుంది.

అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుల్లో ఇది పాత అలవాటే. జెర్రీ లీ లూయిస్ శామ్ ఫిలిప్స్‌ని వదిలి స్మాష్ కంపెనీకి వెళ్లి, 1964లో తన పాత హిట్లన్నీ మళ్లీ రికార్డు చేశాడు. చక్ బెర్రీ మెర్క్యురీ కంపెనీకి మారి 1967లో అదే చేశాడు. చక్ బెర్రీ అంటే నాకు ప్రాణం, కానీ ఆ రికార్డు నాకు నచ్చదు. పాతదానికి నకలు తీయాలన్న ఆత్రం అందులో వినిపిస్తుంది. పదేళ్లే గడిచాయి, మనిషి మారలేదు, పాట తన లోపల ఇంకా ఊరలేదు. సంతకం మారిందంతే.

నలభై ఏళ్ల తర్వాత పాడితే వేరు. నేను కళ్లారా చూసిన ఒక రికార్డింగ్ గురించి చెబుతాను. బ్యాండు పేరు బయట చెప్పొద్దన్నారు, చెప్పను. నలుగురు. 1983లో మొదటి రికార్డు. యోయోగిలో ఒక స్నేహితుడి ద్వారా పరిచయమై, కేబుళ్లు చుట్టే పని చేస్తానంటే స్టూడియోలోకి రానిచ్చారు.

బాస్ వాయించే పెద్దాయన ముందుగా చేసిన పని, జేబులోంచి టేపు చుట్ట తీసి, పళ్లతో కొరికి, కుడి చేతి మూడు వేళ్లకి చుట్టుకోవడం. తీగ లాగిలాగి చర్మం లేచిపోతుంది కదా, అందుకు. నాకు వెంటనే ఆ బూటు గుర్తొచ్చింది. చుట్టుకుంటూ ఆయన మామూలుగా ఒక మాట చెప్పారు. 1983 రికార్డులో బాస్ తనది కాదట. కంపెనీ తరఫున వచ్చిన డైరెక్టరు, నిలువు బాస్ రేడియోలో సరిగ్గా వినపడదని, ఎలక్ట్రిక్ బాస్ వాయించే స్టూడియో మనిషిని పిలిపించాడు. ఈయన ఆ రెండు రోజులూ బయట సోఫాలో కూర్చున్నారు. రికార్డు అట్ట మీద ఫొటోలో బాస్ పట్టుకుని నిలబడింది మాత్రం ఈయనే. నలభై ఏళ్లుగా అభిమానులు వచ్చి "ఆ పాటలో మీ బాస్ అద్భుతం" అంటుంటే, వంగి థాంక్స్ చెబుతూ వచ్చారు. వింటుంటే నాకు గొంతు పట్టేసింది. ఆయన ముఖంలో మాత్రం కోపం లేదు. టేపు అంచు బొటనవేలితో నొక్కి, బాస్ ఎత్తుకుని లోపలికి వెళ్లారు.

నలుగురూ ఒకే గదిలో వాయిస్తామన్నారు. ఇంజనీరు ఒప్పుకోలేదు. డ్రమ్స్ చప్పుడు గొంతు మైకులోకి వస్తుంది, తర్వాత ఏదీ విడదీయలేం, ఒక తప్పు దొర్లితే అందరూ మళ్లీ వాయించాలి అన్నాడు. ఇంజనీరుగా అతను చెప్పినదాంట్లో తప్పేం లేదు, నేనైనా అదే చెప్పేవాణ్ణి. కానీ స్లాప్ బాస్ వేరే గదిలో పెడితే ఆ 'టక్' డ్రమ్మర్ చెవిలో పడుతుంది కానీ ఒంటికి తగలదు. చివరికి మధ్యలో నడుం ఎత్తు అడ్డుతెరలు మాత్రం పెట్టి ఒకే గదిలో కూర్చోబెట్టారు. శృతి రెండు మెట్లు దించారు. ఇరవై రెండేళ్లప్పుడు ఆ గాయకుడు పల్లవి చివర గొంతు విరిచి ఎక్కిళ్లు వచ్చినట్టు పైకి ఎగిరేవాడు, అది రాకబిల్లీ గొంతుకి గుర్తు. ఇప్పుడు ఆ ఎగురు రాదు. ఆయన బలవంతంగా తెచ్చుకోలేదు. ఆ చోట చిన్న ఊపిరి తీసుకుని ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో వెనకనున్న బాస్ ఒక్కటీ వినిపించింది.

ఇంకోటి జరిగింది. రెండో చరణం తర్వాత అన్ని వాయిద్యాలూ ఒక్కసారిగా ఆగి, ఒక దెబ్బ ఖాళీ ఇచ్చి, మళ్లీ అందుకోవాలి. 1983 రికార్డులో డ్రమ్మర్ అరదెబ్బ ముందే వచ్చేశాడు. టెన్షన్‌లో చేసిన తప్పు. టైమ్ లేదని డైరెక్టరు అలాగే ఉంచేశాడు. నలభై ఏళ్లుగా ఆ డ్రమ్మర్‌ని బాధపెట్టిన తప్పు అది. ఇప్పుడు మొదటి టేక్‌లో ఆయన సరిగ్గా లెక్కపెట్టి, సరైన చోట వచ్చారు. పాడే ఆయన తడబడ్డారు. రెండో టేక్, మళ్లీ అంతే. మూడోసారి ఎందుకు తడబడుతున్నారో అందరికీ అర్థమైంది. యోయోగిలో ఆ పాటకి ఆడేవాళ్లు ఆ అరదెబ్బ దగ్గర కుడికాలు నేలకేసి కొడతారు. ఇన్నేళ్లలో వేల కాళ్లు ఆ తప్పుని నేర్చుకున్నాయి. గాయకుడి ఒళ్లు కూడా నేర్చుకుంది. డ్రమ్మర్ చాలాసేపు కర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత "ముందే వస్తాను" అన్నారు. ఆ టేకే ఉంచారు.

జపాన్‌లో అరవై నిండితే 'కన్‌రెకి' చేస్తారు. అరవై ఏళ్ల చక్రం పూర్తయి పుట్టిన సంవత్సరం మళ్లీ వచ్చిందని, మనిషి తిరిగి పసివాడయ్యాడని, ఎర్రటి చేతుల్లేని కోటు తొడుగుతారు. మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై తిరిగి, పుట్టిన ఏడు పేరు మళ్లీ వస్తే మనం షష్టిపూర్తి చేసుకుంటాం. చేసుకుని ఏం చేస్తాం? అదే భార్య మెడలో మళ్లీ తాళి కడతాం. మొదటి పెళ్లి చెల్లదని ఎవరూ అనరు. మొదటి పెళ్లిలో తాళి కట్టింది ముక్కూమొహం సరిగ్గా తెలియని పిల్లకి. ఇప్పుడు కడుతోంది ఆవిడ దగ్గు కూడా గుర్తుపట్టగలిగినవాడు. మంత్రాలు అవే. పిల్లలు, మనవలు చుట్టూ నిలబడి చూస్తుంటారు.

నాకు ఆ స్టూడియోలో కనిపించింది అదే. ఆ నలుగురూ ఇరవై ఏళ్లప్పుడు అమెరికా పాటలు విని, అలాంటి పాట రాసుకుని, అలా వాయించాలని ఆరాటపడ్డారు. అప్పుడు వాళ్ల ముందున్న నమూనా ఎల్విస్, సెట్జర్. ఇప్పుడు వాళ్ల ముందున్న నమూనా ఎవరు? 1983 నాటి తామే. మొదటిసారి వాళ్లు ఇంకొకరిని కాకుండా తమని తాము అనుసరిస్తున్నారు. వాళ్ల తప్పుతో సహా. ఆ పాట వాళ్ల సొంతం అయింది 1983లో అని నేను అనుకోను, ఆ రోజు మధ్యాహ్నం, ఆ ఆఖరి టేక్ దగ్గర అయింది.

వాళ్ల అనుమతి తీసుకునే ఒక నిమిషం చొప్పున రెండు ముక్కలు తెచ్చాను. మొదట పాతది వేస్తాను, తర్వాత కొత్తది. పాతదాంట్లో గొంతు ఎగిరేచోట వినండి. కొత్తదాంట్లో అదే చోట వెనక బాస్ మీద చెవి పెట్టండి, అది వాయిస్తున్నది సోఫాలో కూర్చున్న ఆయన. రెండో చరణం అయ్యాక అన్నీ ఆగుతాయి. అప్పుడు ఎవరికైనా కాలు నేలకి కొట్టాలనిపిస్తే కొట్టండి, ఈ హాలు నేల గట్టిదే.

వెనక లైట్లు కొంచెం తగ్గిస్తారా, బాబూ. థాంక్స్. వేస్తున్నాను.